అలసిపోని ఓడలు

అలెగ్జాండ్రియా బహరీ పేటలో వగ్దీకి ఒక కంప్యూటర్ కేఫు ఉంది. శుక్రవారం నమాజు అయ్యాక అక్కడి తెరల మీద రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాలు గాల్లోకి లేస్తాయి. సర్వర్ వగ్దీది. ఆటలోని ఓడలన్నీ షాహీనాజ్ చేతి పని. వాటికోసం ఏడాది పాటు నిద్రాహారాలు మాని పాత పుస్తకాలు తిరగేసింది. ఇప్పుడు వగ్దీ వాటికే ఎసరు పెట్టాడు.

"నీ ఓడల దగ్గరికెళ్లినవాడు ఒక్కడైనా తిరిగొచ్చాడా ఇంజనీరమ్మా? చరిత్ర, చరిత్ర అని ఊదరగొట్టావు. ఇవాళ చేతులెత్తించి ఓటు పెడతా. ఆఖరి మాట మాత్రం నాదే. వద్దంటే ఓడలు తీసేస్తా!"

"ఓడ మీది తుపాకీ నిమిషానికి నూట ఇరవై గుండ్లు పేలుస్తుందని దాన్ని చేసినవాళ్లే రాశారు. నేనేం పెంచలేదు."

పైకి అలా అన్నా ఆమెకు భయం వేసింది. మేనమామ బయ్యూమీకి కబురు పెట్టింది. ఆయన కుర్రతనంలో నౌకాదళంలో, ఒక ముసలి ఓడ మీద గుండ్లు అందించేవాడు. వేయించిన గింజలు నములుతూ వచ్చి, ఒక ఆట చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అమ్మాయ్, ఈ గుండ్లు ఎవరు మోస్తున్నారు?"

"మోయడమేంటి మావయ్యా? తుపాకీ పేలుతోంది కదా."

"అదే నీ తప్పు. పుస్తకంలో తుపాకీ లెక్కుంది, మనిషి లెక్క లేదు."

గోడవారన ఆరేసి పెద్ద సీసాల నీళ్ల కట్టలున్నాయి. "నాలుగు గుండ్ల కట్ట ఇంచుమించు ఇంతే బరువు. నిమిషానికి ముప్పై పైకందించాలి. ఏరా వగ్దీ, కండలు పెంచావుగా, కానీ!"

వగ్దీ చొక్కా చేతులు మడిచి, కట్టలెత్తి బల్ల మీద పెట్టసాగాడు. పది దాకా హుషారే. పదిహేనుకి మూలిగాడు. పంతొమ్మిదో కట్టతో సహా కూలబడ్డాడు. కేఫంతా ఈలలు.

"ఇంకా నయం, నీ కింద నేల ఊగట్లేదు. మొదటి నిమిషం మేం పులులమేరా. తర్వాత చేతులు మావి కావు. ఏడ్చేవాణ్ణి కూడా."

ఆ చివరి మాట ఆయన నవ్వకుండా అన్నాడు. ఏడాదిగా ఈయన్ని అడగాలని తోచనందుకు షాహీనాజ్‌కి సిగ్గేసింది. వెంటనే కూర్చుని ఓడలకు అలసట నేర్పింది. మొదటి నిమిషం పూర్తి జోరు, తర్వాత సగం, మధ్యలో ఊపిరి తీసుకునే విరామం.

మళ్లీ ఆట మొదలైంది. వగ్దీ చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తున్నాడు. తొందరపడి దూకిన మూడు విమానాలు సముద్రంలో కలిశాయి. మిగతా అయిదూ దూరంగా తిరుగుతూ కాచుకుని, కాల్పులు సన్నగిల్లగానే దూకి, ఓడను దెబ్బకొట్టి తిరిగొచ్చాయి. ట్యునీషియా నుంచి ఆడుతున్నవాడు హెడ్‌ఫోన్లు పగిలేలా అరిచాడు. "ప్రాణం పోయి వచ్చిందిరా! మళ్లీ పెట్టండి!"

"ఓడలు ఉండాలనేవాళ్లు చేతులెత్తండి," అన్నాడు బయ్యూమీ.

అందరి చేతులూ లేచాయి, వగ్దీది తప్ప. ఆఖరి మాట అతనిదే కదా అని షాహీనాజ్ అతని వంక చూసింది.

"ఏరా, ఇంకా పంతమేనా?"

"పంతం కాదు బాబాయ్," అన్నాడు వగ్దీ, ముఖం ఎర్రగా చేసుకుని. "ఎత్తుదామనే చూస్తున్నా. చెయ్యి రావట్లేదు!"

బయ్యూమీ లేచి వెళ్లి, ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా పైకెత్తి నిలబెట్టాడు.