ఎనిమిదో పేరు

డెబ్బై తొమ్మిదిలో మా అమ్మాయి కమలాకుమారి బి.ఏ. పాసయింది. ఆ జూలైలోనే దుర్గ్‌లో ఒక చిన్న కాలేజీవాళ్ళు ఇంగ్లీషు ఎం.ఏ. కొత్తగా పెడుతున్నామన్నారు. ఒక గది, ఇద్దరు మాస్టర్లు. ఎనిమిది మంది చేరితేనే క్లాసు, లేకపోతే ఆ ఏటికి లేదు. శనివారం మధ్యాహ్నం ఆఖరు.

గురువారానికి ఏడు పేర్లు వచ్చాయి. ఏడోది కమలది.

ఇటు మేముండే కూలీల బస్తీ క్యాంప్ 1లో, మా వెనక సందులో పిల్లల బడి నడిపే ఛాయా దీదీ కమలను టీచరుగా రమ్మని కబురు పెట్టింది. ఆవిడకూ శనివారంలోగా జవాబు చెప్పాలి. క్లాసు లేకపోతే ఆ బడే గతి.

మా ఇంటిది పైడితల్లికి ఈ చదువు అర్థం కాలేదు.

"ఇంగిలీసు ఒచ్చీసింది కదే నీకు. ఒచ్చీసిందాన్నే మల్లీ రెండేళ్ళు సదవడవేటి?"

"అమ్మా, బి.ఏ.లో కహానీ, అదే కథ, ఏటో తెలుసుకుంటారు. ఎం.ఏ.లో ఆ కహానీ అలగే ఎందుకు రాశాడో సోచాయించాలి."

"రాసినోడ్నే అడిగితే తేలిపోద్ది గదా."

"వాడు పోయి మూడొందల ఏళ్ళయిందమ్మా."

"మరింకేటి. పోయినోడి జోలి మనకెందుకు?"

కమల నా వైపు తిరిగి నువ్వేమంటావని అడిగింది. చూద్దామన్నాను. ఆ పూట పిల్ల అన్నం సగంలో లేచిపోయింది. చెరువు చేపల పులుసు కూడా వదిలేసి లేచింది. అప్పుడు నాకు తెలిసింది, ఆ చదువు దానికి ఎంత కావాలో.

నేను సూర్యారావు గారి ఫ్యాబ్రికేషన్ షాపులో ఖలాసీని. ఇనుప దూలాలు ఎత్తడం, దించడం మా పని. పెద్ద దూలానికి ఎనిమిది భుజాలు కావాలి. ఒకడు రాకపోతే మేము పని ఆపం. పక్క గ్యాంగు నుంచి బదలీ మనిషిని పిలుస్తాం. దూలం లేచాక వాడి దారిన వాడు పోతాడు. కాలేజీ క్లాసూ అంతే అనుకున్నాను.

మొదట మా గ్యాంగులో నూకరాజును అడిగాను. మెట్రిక్ తప్పినవాడు. వెంటనే ఒప్పుకున్నాడు. అక్కడ మాట్లాడాలా, కూర్చుంటే చాలా అని మాత్రం అడిగాడు. బి.ఏ. పాసై ఉండాలని కమల చెబితే, ఆ మాట ముందే చెప్పొచ్చు కదా అని నూకరాజు రెండు రోజులు నాతో బీడీ కాల్చలేదు.

అప్పుడు మా ఇంజనీరు శ్యామసుందర్ గారి భార్య ఇందుమతి గారు గుర్తొచ్చారు. వాళ్ళు సెక్టర్ 4లో క్వార్టరు మారినప్పుడు సామాను మోసింది మేమే. ఇనుప బీరువా కంటే రెండు ట్రంకు పెట్టెలు ఎక్కువ బరువున్నాయి. తెరిస్తే నిండా ఇంగ్లీషు పుస్తకాలు.

శుక్రవారం పొద్దున వెళ్ళాను. ఆవిడ చపాతీ పిండి కలుపుతున్నారు. బదలీగా వస్తే చాలు, క్లాసు లేచాక దిగిపోవచ్చని చెప్పాను. ఆవిడ నన్ను కూర్చోమనలేదు, మంచినీళ్ళూ ఇవ్వలేదు. పిండి అలాగే వదిలేసి చేతులు కడుక్కుని, కమల నాకిచ్చి పంపిన ఫారం నిలబడే పూర్తి చేశారు. వాల్తేరులో బి.ఏ. చదివి పన్నెండేళ్ళయిందట.

పెళ్ళయినవాళ్ళకు భర్త సంతకం కావాలి. ప్రెషర్ కుక్కరు కొనడానికే ఆయన నెల రోజులు ఆలోచించారని, శనివారంలోగా దీని సంగతి తేల్చరని ఆవిడ దిగులు పడ్డారు. నేను ఫారం జేబులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను.

మా షాపులోంచి ఏ సరుకు బయటికి పోవాలన్నా గేటు పాసు మీద ఇంజనీరు సంతకం ఉండాలి. తిరిగి వచ్చే సరుకుకు ఒక పాసు, తిరిగి రాని సరుకుకు ఇంకొకటి. మధ్యాహ్నం ఆ కాగితాలు పట్టుకెళ్ళేది నేనే. ఫారం గురించి ఆయన్ని అడగాలంటే చాలా మాట్లాడాలి. అందుకని పాసుల మధ్యలో పెట్టాను. ఆయన చదివి అడిగితే చెబుదామనే అనుకున్నాను. మూడో కాగితం మీద సిరా ఆరకముందే నాలుగోదాని మీద సంతకం పడింది. నాలుగోది ఫారం.

శనివారం గుమాస్తా ఎనిమిది పేర్లు లెక్కపెట్టుకున్నాడు. కమల వెళ్ళి ఛాయా దీదీకి రానని చెప్పేసింది. సోమవారం క్లాసు మొదలైంది. ఆ సాయంత్రం కమల ఇంకో మాట చెప్పింది. నెల లోపల ఒక్క పేరు తగ్గినా క్లాసు మూసేస్తారట. బదలీ దిగిపోతే దూలం కింద పడుతుందన్నమాట.

మంగళవారం ఇంజనీరు గారు పిలిచారు.

"జోగయ్యా, మా ఆవిడ కాలేజీకి వెళ్తోంది."

"ఎల్తన్నారు సార్."

"ఫారం మీద నా సంతకం ఉందట. ఎప్పుడు పెట్టాను?"

"శుక్రవారం సార్. గేటు పాసుల్తోటి."

ఆయన గొంతు తగ్గించారు. చెక్క తడికకు అవతల ఓనరు సూర్యారావు గారు కూర్చుంటారు.

"చదవకుండా పెట్టానా?"

నేను తడిక వైపు చూశాను.

"పేరు తీయించెయ్. ఇవాళే."

కమల సగంలో వదిలేసిన అన్నం కళ్ళ ముందుకొచ్చింది. తోచింది చెప్పాను.

"తిరిగొచ్చే పాసే సార్ అది. నాలుగున్నరకల్లా ఇంటికొచ్చెత్తారు."

తడిక అవతల సూర్యారావు గారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. ఏ పాసు గురించి, శ్యామసుందరూ, అని అడిగారు కూడా. ఇంజనీరు గారు ఏమీ లేదండీ అన్నారు. నా వైపు చూసి, ఎన్నాళ్ళు అని మెల్లగా అడిగారు. రెండేళ్ళన్నాను. పొమ్మని చెయ్యి ఊపారు.

ఆ రోజు నుంచి ఆయన ప్రతి పాసూ అటూ ఇటూ తిప్పి చదివేవారు. లారీలు అరగంట ఆలస్యం. డ్రైవర్లు నన్ను తిట్టేవాళ్ళు.

ఆ మంగళవారం సాయంత్రమే కమల ఖాళీ టిఫిన్ గిన్నె తెచ్చి పెట్టింది. మా విజయనగరం నుంచి వచ్చేవాళ్ళు తెచ్చే ఎండు నెత్తళ్ళ చేపల వేపుడంతా ఇందుమతి గారే తినేశారట. వాళ్ళత్తగారికి వాసన పడదని ఇంట్లో వండరట. బదలీగా దిగిపోతారా అని కమల అడిగితే, దిగే ఆలోచన లేదు, ముందు బెంచీ కూడా పట్టేశానన్నారట.

"ఆఫీసరమ్మ నెత్తళ్ళు తింటాదేటి?" అంది పైడితల్లి. గిన్నె లోపలికి చూసి, వాసన చూసి, కాసేపు లెక్క వేసుకుంది. తర్వాత నాతో అంది.

"రెండేళ్ళంటన్నారు గదా. ఇజీనారం నించి ఎవులొత్తన్నారో కనుక్కోండి. ఈపాలి రెండు సంచులు తెమ్మనాల."