గుంత తలుపు

పంతొమ్మిది వందల అరవై మూడులో యాడికి ఊరి పక్కన నూనె మిల్లులో కొత్త యంత్రం బిగించిన నాటినుంచి బాలప్పకు అంతా అయోమయంగానే ఉంది. శెనక్కాయలు అదే ఎత్తుకుంటుంది, అదే ఒలుస్తుంది, అదే పిండుతుంది. బాలప్ప చేయాల్సిందల్లా పైన అద్దాల గదిలో కూర్చుని దీపాలు చూడడం. నాలుగూ పచ్చగా వెలిగితే బొత్తాం నొక్కాలి. పదేళ్లు చెమటోడ్చిన మనిషికి ఇదీ ఒక పనేనా?

నాలుగో దీపం కాయల గుంత తలుపుది. మధ్యాహ్నం యంత్రం ఆపినప్పుడు ఒకరు గుంతలోకి దిగి మట్టీ పొట్టూ ఊడ్చాలి. లోపల మనిషి ఉండగా యంత్రం తిరిగిందా, ముక్కలు కూడా దొరకవు. అందుకే తలుపు తెరిచి ఉన్నంతసేపూ దీపం ఎర్రగా వెలిగేలా, బొత్తాం పనిచేయకుండా బెంగళూరు ఇంజనీరు తీగలు లాగాడు. ఊడ్చేది బాలప్ప అత్త గంగక్క. ఆమె పనిచేస్తుంటే అటు చూడకపోవడం అల్లుడిగా బాలప్ప మర్యాద.

ఆ రోజు అన్నాల వేళ ముగిసింది. నాలుగు దీపాలూ పచ్చగా ఉన్నాయి. బొత్తాం మీదికి వెళ్లిన బాలప్ప వేలు ఆగింది. కింద ఆడవాళ్లంతా చేతులు కడుక్కుంటున్నారు. అత్త ఒక్కతే లేదు.

“ఏమప్పా, నొక్కవేం?” అన్నాడు పక్కనున్న ఇంజనీరు.

“మా అత్త యాడా కనపడల్య సార్.”

“తలుపు మూసుంది కదయ్యా. ఇక లోపలెవరుంటారు?”

నిజమే. దీపం అబద్ధమాడదు. మరి చెయ్యెందుకు రాదు? పోనీ కేకేద్దామంటే, నలుగురిలో అత్తను గొంతెత్తి పిలిచే అల్లుడు ఆ ఊళ్లో లేడు.

ఇంజనీరు విసుక్కుని తనే చెయ్యి చాచాడు. బాలప్ప ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“అత్తా! యాడుండావ్?”

ఆడవాళ్లు నోళ్లు తెరిచి పైకి చూశారు. అంతలో నాలుగో దీపం ఎర్రబడింది. గుంత తలుపు తోసుకుని, చీపురుతో గంగక్క బయటికి వచ్చింది.

ఇద్దరూ మెట్లు దిగి పరుగెత్తారు. “తలుపెందుకు వేసుకున్నావమ్మా?” అన్నాడు ఇంజనీరు.

గంగక్క కొంగు కప్పుకుని ఆడవాళ్ల వైపు తిరిగింది. “చీర ఎగజెక్కుకోని ఊడుస్తాంటా. పైన అద్దాల్లో అల్లుడుంటే తలుపు తెర్సి పెట్టుకోమంటాడా ఆ ఇంజనీరప్ప? మొదుట్నుంచీ ఏసుకునే ఊడుస్తాండా.”

బాలప్ప వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మొదటినుంచీ అంటే, యంత్రం బిగించి పద్దెనిమిది రోజులు. రోజూ పచ్చ దీపం చూసి నొక్కాడు. నొక్కినప్పుడల్లా ఆమె ఎక్కడుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఆమె బయటికి వచ్చిందా లేదా అని అతను చూసింది ఈ ఒక్కరోజే.