చీటీలో పడ్డ పేరు

ప్రార్థన అయిపోయింది. రిచర్డ్ "ఆమెన్" అనగానే ఫెయిత్ కళ్లు తెరవకుండానే గిన్నెలో చెయ్యి పెట్టి ఒక చీటీ తీసింది. విప్పి చూసింది. పైకి చదవడానికి నోరు రాక భర్త చేతిలో పెట్టింది.

"చిన్నమ్మా, నీ పేరే వచ్చింది," అన్నాడు రిచర్డ్.

దేవకృపకు ఆ మాట కొత్తగా అనిపించలేదు. చీటీ వేస్తే తన పేరే పడుతుందని ఆమె ఆరో ఏటనే నమ్మేసింది. ఇప్పుడు డెబ్భై దాటాయి.

చూడబోతే సంగతి చిన్నదే. రిచర్డ్ కూతురు హదస్సా పెద్ద విహార నౌకలో, ప్రయాణికుల పనులు చూసే కౌంటర్లో ఉద్యోగం చేస్తోంది. అందులో పనిచేసేవాళ్ల కుటుంబాలకు టికెట్లు చౌకగా ఇస్తారట. వచ్చే నెల నలుగురూ బయల్దేరుతున్నారు: రిచర్డ్, భార్య ఫెయిత్, తల్లి సలోమి, సలోమి చెల్లెలు దేవకృప. కరీబియన్ సముద్రంలో ఓడ ఒక దీవి దగ్గర పొద్దున ఆగి సాయంత్రానికి కదిలిపోతుంది. ఆ కాసేపట్లో దిగి ఏం చూడాలో ఇప్పుడే చెబితే హదస్సా సీట్లు పట్టి పెడుతుంది. ఇసుకలో గుర్రపు స్వారీ ఉంది. చాక్లెట్ చేయడం నేర్పే చోటుంది. పాత కోటకు బస్సుంది. ఇవన్నీ వదిలేసి అందరూ అడుగు గాజుతో చేసిన పడవ మీదే మనసు పెట్టుకున్నారు. ఈత రాకపోయినా, చీర తడవకుండా, కాళ్ల కింద చేపలు తిరగడం చూడొచ్చు. మోకాళ్ల నొప్పులున్న సలోమి అయితే వారం రోజులుగా ఆ పడవ మాటే మాట్లాడుతోంది.

ఆ పడవలో మూడే సీట్లు మిగిలాయి. చీటీలో ఎవరి పేరు వస్తే వాళ్లు ఆగిపోవాలి.

"అందరం కలిసి బస్సుల పోదాం," అని దేవకృప ముందే అంది.

"అంత సముద్రం దాటిపోయి బస్సెక్కుడేంది చిన్నమ్మా? మన కార్ఖానా బస్తీల లేవా బస్సులు?" అని రిచర్డ్ నవ్వేశాడు.

ఏ విషయమూ తెగకపోతే ఆ ఇంట్లో చీటీలు వేయడం ఆనవాయితీ. మోకాళ్ల మీద ప్రార్థించి, పేర్లు రాసి, గిన్నెలో వేసి, అందరికంటే చిన్నవాళ్లతో తీయిస్తారు. వచ్చినదాన్ని దేవుని చిత్తమంటారు. ఇల్లు ఎక్కడ కొనాలో అలాగే తేల్చారు. "నన్ను సుత చీటీ తీసే తెచ్చుకున్నరు, వాపస్ ఇచ్చే రూలు లేదని ఇప్పుడు బాధపడుతున్నరు," అని ఫెయిత్ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

"పరేషాన్ గాకు చిన్నమ్మా. నువ్వు ఓడలనే ఉండొచ్చు. చల్లగ ఏసీల కూసోని పుస్తకం చదువుకో. పైనుంచి మాకు చెయ్యి ఊపు," అన్నాడు రిచర్డ్.

దేవకృప ఒళ్లో ఉన్న చేతులు చూసుకుంది. చెయ్యి ఊపడమట. ఈ చెయ్యి ఎన్నిసార్లు ఊపలేదు! ఎవరైనా ఆలస్యం చేస్తే ఓడ ఆగదని హదస్సా చెప్పినప్పటి నుంచే ఆమెకు నిద్ర సరిగా పట్టడం లేదు. ఒడ్డున వీళ్లు, ఓడ మీద తను, మధ్యలో నీళ్లు పెరిగిపోవడం కళ్లకు కట్టినట్టు కనబడుతోంది.

దేవకృప ఆరో ఏట, అమ్మ చనిపోయిన ఏడాదే, బొల్లారం నుంచి మేనత్త వచ్చి, పిల్లలు లేరు, ఒకదాన్ని ఇమ్మంది. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఇద్దరు కూతుళ్లలో ఎవరినివ్వాలో తేల్చుకోలేక మోకరించి చీటీలు వేశాడు. దేవకృప పేరు వచ్చింది. బొల్లారం ఎంత దూరం, ఆదివారం ఆదివారం వస్తావులే అన్నారు. మామయ్య మిలిటరీ స్టోర్సులో గుమాస్తా. ఏడాది తిరక్కుండా ఝాన్సీకి బదిలీ అయింది, తర్వాత జబల్‌పూర్‌కి. అక్క బడికి వెళ్లి టీచరైంది. చెల్లెలు మేనత్త పాటల పుస్తకం మీద వేలు పెట్టుకుని, తనంతట తానే అక్షరాలు కూడబలుక్కుంది. భర్తను కూడా మట్టికిచ్చి, మొన్న మొన్ననే ఈ ఇంటికి చేరింది. అక్క మంచం పక్కన మంచం వేసుకోవడం చిన్నతనం తర్వాత మళ్లీ ఇప్పుడే.

"నేను ఒప్పుకోను," అంది దేవకృప.

 

"ఒప్పుకోకపోవుడేంది? ప్రార్థన చేసినం గద," అన్నాడు రిచర్డ్.

"చేస్తే చేసినవ్. సిలువ కింద సిపాయిలు సుత చీట్లేసిండ్రు, ప్రభువు అంగీ కోసం. అది సుత దేవుని చిత్తమేనా?"

ఫెయిత్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సలోమి కుర్చీలో నిటారుగా కూర్చుంది. ముప్పై ఏళ్లు పిల్లల్ని అదిలించిన గొంతు అది.

"కృపా, మాట జాగ్రత్త. ఈ ఇంట్ల చీటీకి ఎవ్వరు ఎదురు చెప్పలే."

"ఎదురు చెప్పే పని నీకెప్పుడు పడ్డది అక్కా? నువ్వు ఇంట్లనే ఉంటివి. ఉన్నోళ్లకు అది దేవుని చిత్తం లెక్కనే కనబడతది. పోయినోళ్లను అడగాలె."

"అంటే నాన్న చేసింది తప్పంటవా?"

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని దేవకృప బతుకంతా భయపడింది. అడిగితే ఏం చెప్పాలో ఎన్నడూ అనుకోలేదు. జవాబు మాత్రం ముందే తయారై ఉన్నట్టు వచ్చేసింది.

"తప్పే. మంచోడే, తప్పు చేసిండు. ఎవర్ని పంపాలో తన నోటితోని చెప్పలేక దేవుని మీద పెట్టిండు. అప్పుడు నాకు ఆరేండ్లు, నోరు లేకుండె. ఇప్పుడున్నది. నిన్ను విడిచి ఒక్క పూట సుత ఉండను. పడవంటే ఇద్దరం పడవ, ఒడ్డంటే ఇద్దరం ఒడ్డు. కాదంటే నేను ఓడే ఎక్క."

 అంతలో రిచర్డ్ ఫోను మోగింది. హదస్సా. స్పీకరులో పెట్టాడు.

"డాడీ, డ్యూటీకి పోవాలె, పేర్లు చెప్పు. ఇంకెవరో సుత ఆ సీట్లే అడుగుతున్నరు."

"రాసుకో. సలోమి, రిచర్డ్..."

దేవకృప లేచి వెళ్లి ఫోను మీదకు వంగింది. "నేను చెప్తా బిడ్డా. సలోమి, దేవకృప. మూడోది మీ అమ్మనా, నాయననా, వాళ్లు తేల్చుకుంటరు."

"చిన్న నానమ్మా? చీటీ ఎవరికొచ్చింది?"

"నాకే వచ్చింది. అయినా నేనే పోతున్న."

అవతల పిల్ల తికమక పడింది. "నానమ్మా," అంది చివరికి, సలోమిని. "ఏం రాయాలె? నువ్వు చెప్పు."

సలోమి చెల్లెలి వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. బయట కూరగాయల బండివాడు అరుస్తూ పోతున్నాడు. వాడి అరుపు వీధి మలుపు తిరిగింది. దేవకృప బల్ల అంచు పట్టుకుంది. అక్క కాదంటే ఏం చేయాలి? ఓడెక్కనని అనేసింది. అన్న మాట మీద నిలబడాలి, మళ్లీ వెనక్కి ఉండిపోవాలి. అయినా సరే, ఈసారి తన నోటితో చెప్పి ఉండిపోతుంది. ఎవరి గిన్నెలోంచో కాదు.

"చిన్న నానమ్మ చెప్పినట్టే రాయి," అంది సలోమి.

"అమ్మా!" అన్నాడు రిచర్డ్.

"నువ్వు ఆగు రా. హదస్సా, రాసినవా? ఇద్దరం పక్కపక్కన."

"మరి మా ఇద్దరి సంగతి? మళ్లీ చీటీ వెయ్యాల్నా?" రిచర్డ్ గిన్నె దగ్గరకు లాక్కున్నాడు.

"ఏం అవసరం లేదు," అంది ఫెయిత్. "పడవల నేను పోత. మీకు హుస్సేన్ సాగర్ల బోటెక్కితేనే వాంతులైతయ్. మీరు కోటకు పోండ్రి. నాకు సుత ఒక పూట శాంతి దొరుకుతది."

ఫోనులో హదస్సా పకపకా నవ్వింది. ముగ్గురి పేర్లూ చెప్పుకుంటూ రాసుకుని పెట్టేసింది. రిచర్డ్ మొహం గంటు పెట్టుకుని వరండాలోకి వెళ్లాడు. ఫెయిత్ టీ పెట్టడానికి లేచింది.

అక్కాచెల్లెళ్లిద్దరే మిగిలారు. దేవకృపకు ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఆ గాజు పగిలితే ఏం చేస్తారో హదస్సాను అడగాల్సింది, మర్చిపోయింది.

"నాన్న గురించి అన్నవే," అంది సలోమి మెల్లగా. "ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను. చచ్చేదాక ఒప్పుకోను."

"నువ్వు ఒప్పుకోకు," అంది దేవకృప. "పక్కన కూసో, చాలు."