రెండోసారి నొక్కని మీట

నేను ఒక క్యాలిక్యులేటర్ని. కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక కొట్టు గాజు బీరువాలో పడి ఉంటే, ట్రాన్స్‌పోర్టు ఆఫీసు గుమాస్తా వీరభద్రయ్య గంటసేపు బేరమాడి మరీ కొన్నాడు. ఇరవై ఏళ్లు నాతో లారీ కిరాయిలు కూడించాడు. నా ఏడు అంకె మీట అరిగిపోయింది గానీ ఆయన జీతం పెద్దగా పెరిగింది లేదు.

రిటైరయ్యాక చేతికి నాలుగు లక్షలొచ్చాయి. పింఛను లేదు, పిల్లల్లేరు. ఆ డబ్బు ఏదైనా పెద్ద కంపెనీ షేర్లలో పెడదామని రోజూ పొద్దున్నే పేపరు ముందేసుకుని కూర్చునేవాడు. మనసులో ఉన్నవి రెండు: ఒకటి సిమెంటు కంపెనీ, ఇంకోటి మందుల కంపెనీ.

"సిమెంటుది మూడొందలేనట, మందులది ఐదువేలా! చవకది కొనేద్దురూ," అనేది భార్య మంగతాయారు.

"ఓసి పిచ్చిదానా, ఇవేవన్నా వంకాయలా? ఒక్కో షేరుకి కంపెనీ ఎంత లాభం తెస్తోందో దాంతో ధరని భాగించి చూడాలి. అలా చూస్తే ఐదువేలదే చవక. అయినా వానాకాలం సిమెంటు పడుకుంటుంది, జబ్బులకి సెలవుంటుందా?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఎడం చెయ్యి గుండె మీద ఉంది. ఆవిడ చూడలేదు.

ఒకరోజు ఒక్కడే ఆస్పత్రికి వెళ్లొచ్చాడు. "మాత్రలు చాలన్నారే," అని వంటింట్లోకి కేకేసి నన్ను తీశాడు. నాలుగు లక్షల్లోంచి గుండె ఆపరేషన్‌కి మూడు లక్షల నలభై వేలు తీసేశాడు. అరవై వేలు మిగిలాయి. ఆ అంకె చూసి, వంటింటి వైపు చూశాడు. ఆపరేషన్ ఖర్చు నా జ్ఞాపకంలో దాచేసి, మళ్లీ సిమెంటూ మందులూ మొదలెట్టాడు. ఛీ, నేనెంత పాపిష్టిదాన్ని! ఆ ఒక్కసారి తీసివేత తప్పు చూపించి ఉంటే బతికేవాడేమో.

ఏ షేరూ కొనకుండానే ఆర్నెల్లకి పోయాడు. ఆపరేషన్ సంగతీ, దాని ఖర్చూ ఆవిడ ఆ రోజే డాక్టరు నోట విన్నది. కోతకి భయపడి ఉంటాడులే అన్నారు చుట్టాలు. ఆవిడా అదే నమ్మింది. నేను ఆ అంకెను మోస్తూ సొరుగులో పడి ఉన్నాను. చీకట్లో ఆయన వేళ్లు ఇంకా నా మీటల మీద తడుముతున్నట్టే ఉండేది. భయమేసేది.

మొన్న డబ్బు ఏ కంపెనీలో పెట్టాలో తేలక ఆవిడ నన్ను బయటికి తీసింది. పక్కింటి లెక్కల టీచరు నాగరత్నం నా తెర మూలన ఉన్న చిన్న గుర్తు చూసింది.

"పిన్నిగారూ, బాబాయిగారు ఇందులో ఏదో అంకె దాచారండి. ఈ మీట ఒకసారి నొక్కితే కనబడుద్ది. వెంటనే రెండోసారి నొక్కారంటే చెరిగిపోద్ది, జాగ్రత్త."

"ఏ కంపెనీయో తేల్చేసే ఉంటారు," అని ఆవిడ ఆశగా నొక్కింది.

340000.

డాక్టరు చెప్పిన ఖర్చు అదేనని ఆవిడ పోల్చుకుంది. "భయపడలేదన్నమాట," అంది. "నన్నొక్క మాట అడగొచ్చు కదండీ!"

ఇంకోసారి నొక్కు తల్లీ, నన్ను వదిలెయ్యి అని లోలోపల మొత్తుకున్నాను. వేలు మీట దాకా వచ్చి ఆగిపోయింది.

ఇప్పుడు పేపరు మడత విప్పడం లేదు ఆవిడ. రోజూ పొద్దున్నే, ఆయన కూర్చునే వేళకి, నన్ను తీసి ఒక్కసారే నొక్కుతుంది.