పొట్టు గిన్నె

మగ్గం నాడెలో నూలు కండె అయిపోయింది. పెంటప్ప ఎడమచెయ్యి దానంతట అదే పక్కకు సాగింది. అక్కడ ఎప్పుడూ ఉండే పల్లికాయల డబ్బా లేదు, కంచుగిన్నె ఉంది. చెయ్యి కాసేపు దిక్కుతోచనట్టు ఆగి, తర్వాత కొత్త కండె అందుకుంది. పెంటప్ప తనలో తాను నవ్వుకున్నాడు. బుద్ధికి తెలిసింది గానీ చేతికి ఇంకా కబురు అందలేదు.

మరాఠీ సీమలోని మిల్లుల ఊళ్లో, కుంఠా నాకా కూడలి దగ్గర అతనిది ఒంటి గది ఇల్లు. అందులో సగం గుంటమగ్గమే. గట్టు మీద కూచుని, గుంటలోకి కాళ్లు దించి, ఉదయం మిల్లు భోంగా కూసింది మొదలు పొద్దుగూకేదాకా నేస్తాడు. ఈ మధ్య పొట్ట పెరిగి, బట్ట చుట్టే దూలానికి ఒత్తుకోసాగింది. చెమట మరక నేస్తున్న చీరకు అంటేది. ఒకనాడైతే గోడకూ దూలానికీ మధ్య ఇరుక్కుని లేవలేకపోయాడు. ఇరుగుపొరుగు ఇద్దరు చంకల్లో చేతులేసి లాగారు. మగ్గం సొంతదారు యాదగిరి సేటు అప్పుడే గుమ్మంలో అడుగు పెట్టాడు.

"రథం పండుగకు ఇంక మూడు నెలలున్నయి, అందాక చూస్త పెంటప్పా. అప్పటికీ నీ అంతట నువ్వు లేవకుంటే మగ్గం ఇంకొకనికి ఇస్త," అన్నాడు సేటు.

మగ్గం తప్ప పెంటప్పకు వేరే విద్య రాదు. కరెంటు మగ్గాలవాళ్లు కుర్రాళ్లనే తీసుకుంటున్నారు.

భివండిలో ఉన్న అక్క సుందరాబాయికి కబురు వెళ్లింది. ఆమె మూట సర్దుకుని వచ్చింది. రెండు రొట్టెలే తింటానన్నాడు పెంటప్ప, అతని భార్య ద్రౌపది కూడా అదే ఒట్టేసి చెప్పింది. అతను బయటికి వెళ్లినప్పుడు సుందరాబాయి చీపురు పట్టుకుని గుంటలోకి దిగింది. అతను తిరిగొచ్చేసరికి వాకిట్లో చేట నిండా పల్లికాయల పొట్టు.

"రెండు రొట్టెలే అంటివి తమ్మీ. మరి ఇదంతా ఎలుకలు తిన్నయా?"

పెంటప్ప అబద్ధం ఆడలేదు, తనకే తెలియదంతే. కండె మారిన ప్రతిసారీ చెయ్యి డబ్బాలోకి పోయేది, పొట్టు కాళ్ల సందున పడేది, చూపు మాత్రం పడుగు దారాల మీదే ఉండేది.

"అమ్మ పోయినంక నిన్ను నైజాం ఇలాకా నుంచి ఈడికి ఏలు పట్టుకొని తెచ్చిన. నేను బీడీలు చుట్టంగ నువ్వు ఏడ్వొద్దని పిడికిట్ల పల్లికాయలు పోస్తుంటి. గప్పటి అలవాటిది," అంది సుందరాబాయి.

ఆమె తిట్టలేదు, కడుపు మాడ్చలేదు. డబ్బా తీసుకెళ్లి పొయ్యి వెనక గూట్లో పెట్టింది. అమ్మ గుర్తుగా దాచుకున్న తన కంచుగిన్నెను మూటలోంచి తీసి మగ్గం పక్కన ఉంచింది.

"తిను, ఎవలు వద్దంటున్నరు? లేచి పోయి పిడికెడు తెచ్చుకో. పొట్టు మాత్రం గిన్నెల ఎయ్యి. తిన్నది కండ్లకు కనవడాలె."

గుంటలోంచి లేవడం పెద్ద పని. బద్ధకించి చాలాసార్లు ఊరుకునేవాడు. లేచినప్పుడేమో మోకాళ్లు సాగేవి. గిన్నెలో పొట్టు కుప్ప చూస్తే సిగ్గేసి అక్కడితో ఆపేవాడు. మెత్తటి రొట్టె పోయి గట్టిగా కాల్చి ఎండబెట్టిన కడక్ రొట్టె వచ్చింది. దాన్ని నమిలి మింగేలోపే ఆకలి చల్లారేది.

రథం పండుగ నిన్ననే అయింది. ఈ పొద్దున సేటు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెంటప్ప దూలం పట్టుకోకుండా, గట్టు మీద అరచెయ్యి ఆనించి లేచాడు. సేటు చీర మడత విప్పి వెలుగులో చూశాడు. మరక లేదు.

"బరా, మంచిది. నడువనియ్యి," అని వెళ్లిపోయాడు.

పెంటప్ప గోడకు జారగిలబడ్డాడు. ద్రౌపది కొంగుతో కళ్లు ఒత్తుకుని చాయ్ పెట్టడానికి పోయింది.

మధ్యాహ్నం సుందరాబాయి మూట కట్టుకుంది. భివండిలో ఆమె కూతురికి నెలలు నిండాయి. పెంటప్ప స్టేషన్ దాకా వస్తానన్నాడు.

"పని ఇడ్సిపెట్టి ఎందుకు? మరదలు వస్తది," అంది.

వెళ్తూ అతని పక్కన వంగింది. కంచు చప్పుడు వినిపించింది. గిన్నె తీసుకుంటోందనుకున్నాడు. అమ్మది, అక్క దగ్గరే ఉండాలి. గిన్నె ఉంచి పొమ్మని అడగలేడు. తల తిప్పితే కళ్లలో నీళ్లు కనిపిస్తాయని నేస్తూనే ఉన్నాడు. ఆమె అతని తల నిమిరింది. తర్వాత సందు చివర టాంగా కదిలింది.

కండె అయిపోయింది. చెయ్యి అలవాటుగా పక్కకు సాగింది. చల్లగా అంచు తగిలింది.

పొట్టు పారబోసి, తుడిచి, గిన్నెను అక్కడే పెట్టి వెళ్లింది అక్క. పెంటప్ప ఎవరూ పట్టుకోకుండా లేచి, గూట్లోంచి పిడికెడు పల్లికాయలు తెచ్చుకుని, ఒక్కొక్కటే ఒలిచి, పొట్టు గిన్నెలో వేస్తూ తిన్నాడు. మళ్లీ నాడె అందుకున్నాడు.

మగ్గం దెబ్బ పడ్డప్పుడల్లా, గిన్నె అడుగున ఆ కాస్త పొట్టు సన్నగా గలగలమంటోంది.