మూడోసారి వేడి చేసిన కూర

"మూత తియ్యకు మనీషా. సన్నమంట మీదనే ఉండనియ్యి. ఆకు పచ్చగ ఉండంగనే దించెయ్" అన్నాడు ప్రభాకర్, పొయ్యి దగ్గర నా వెనక నిలబడి. మా ఆయన మిర్యాలగూడలో బాటనీ లెక్చరర్. క్లాసులో చెప్పింది చాలదన్నట్టు మిగతా పాఠం వంటింట్లో చెప్తాడు. ఆకుకూరల్లో, ఉల్లిగడ్డల్లో ఫ్లేవనాయిడ్లు ఉంటాయట. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాకు అవి బలమట. ఎక్కువ నీళ్లు పోసి ఉడికించి వార్చేస్తే చాలావరకు ఆ నీళ్లతోనే పోతాయట, మళ్లీ మళ్లీ మరిగిస్తే ఉన్నవి కూడా తగ్గిపోతాయట. అంతా నిజమే, నేనూ చదివాను. గరిటె మాత్రం ఏనాడూ ఆయన చేతికి రాలేదు.

అట్లా మా ఇంట్లో రెండు పూటలా తాజా కూర మొదలైంది. పొద్దున ఒకటి వండి, నేను పాఠాలు చెప్పే వేములపల్లి బడికి పరిగెత్తాలి. సాయంత్రం బస్సు దిగి వచ్చి, చీరైనా మార్చుకోకుండా ఇంకోటి వండాలి. మిగిలింది పారేద్దామంటే మా అత్తమ్మ బుచ్చమ్మ ఊరుకోదు. "పారబోస్తవా? పండించినోళ్లకు తెలుస్తది దాని ఇలువ. జర ఏడి జేస్కొని నువ్వు తినరాదు?" అంటుంది. కొడుకుది సైన్సు, తల్లిది పొదుపు. రెండూ న్యాయమే. ఆ రెండు న్యాయాలూ వచ్చి నా కంచంలోనే పడతాయి. రాత్రి మిగిలిన గంగవాయిలి కూరను పొద్దున వేడి చేసి నా డబ్బాలో పెట్టుకుంటాను. గిన్నెలో ఇంకా మిగిలితే సాయంత్రం మళ్లీ పొయ్యి మీదికి ఎక్కుతుంది. మూడోసారికి అది నల్లబడి, ఏ ఆకో కూడా తెలియకుండా పోతుంది. "మళ్ల నిన్నటిదేనా మేడం?" అని తోటి టీచర్ కరుణ అడిగితే, "నాకట్లనే ఇష్టం" అని డబ్బాకు మూత అడ్డం పెట్టుకుంటాను. ఛీ, సిగ్గు నాకెందుకు? ఆ తల్లీకొడుకులకు కదా ఉండాల్సింది!

వానాకాలం నుంచి నాకు కడుపు బాగుండటం లేదు. తిన్నది అరగదు, ఉబ్బరం, మంట. బడిలో నిలబడి పాఠం చెప్పలేక కూర్చుండిపోతున్నాను. నిన్న సూర్యాపేటలో డాక్టరమ్మకు చూపించుకున్నాం. "రోజూ ఏం తింటున్నారమ్మా?" అని ఆమె నన్నే అడిగింది. నేను నోరు తెరిచేలోపే ప్రభాకర్ అందుకున్నాడు. "తిండి విషయంల మేం చాలా జాగ్రత్త డాక్టర్. రెండు పూటలా తాజాది. మా ఇంట్ల అందరం ఒక్కటే తింటం."

ఆయన తెలిసి అబద్ధమాడలేదు. నాకు ఒళ్లు మండింది అందుకే. పెళ్లయి ఇన్నేళ్లలో నా కంచంలో ఏముందో ఆయన ఒక్కసారీ చూడలేదు. ఆయన చేయి కడుక్కుని లేచాకే కదా నేను కూర్చునేది! దవాఖాన మెట్లు దిగుతూ, "నువ్వు టెన్షన్ ఎక్కువ తీస్కుంటవ్, అందుకే గిట్ల అయితున్నది" అని కూడా అన్నాడు.

ఈ సాయంత్రం పొన్నగంటి కూర కొద్దిగానే వండాను. మూత తీయలేదు, సన్నమంట మీదనే ఉంచి, ఆకు పచ్చగా ఉండగానే దించాను. పక్క పొయ్యి మీద నిన్నటి కూర వేడి చేశాను. తాజాదంతా నా కంచంలో వేసుకుని, అన్నం కలుపుకుని, బల్ల దగ్గర కూర్చున్నాను.

"ఏందే, మొగోడు తినకముందే కూసున్నవ్?" అంది అత్తమ్మ గుమ్మంలోంచి.

"ఆకలైతుంది అత్తమ్మా."

ప్రభాకర్ వచ్చి గిన్నె మూత తీశాడు. మొహం చిట్లించాడు. "ఇది నిన్నటిది గదా?"

"అవును. మీరే అంటిరి గదా, మన ఇంట్ల అందరం ఒక్కటే తింటమని. ఇయ్యాల మీరు నాది తినుర్రి."

గరిటెతో కలిపి చూసి, "ఇన్నిసార్లు ఏడి చేసినంక దీంట్ల ఇగ ఏం మిగులుతది?" అన్నాడు.

"రోజూ అదే తినే నాల ఏం మిగిలిందో ఎన్నడన్న అడిగిన్రా?"

ఆయన గరిటె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. ఆ గరిటె ఆయన చేతిలో చూడటం నాకిదే మొదలు. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.