మడుగుకు ఇచ్చిన మాట

గాజుబుడ్డిలో గులాబీరంగు మెల్లగా వెలిసిపోతోంది. రేవేటీ దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. నత్రజని బుడగలు అడుగు నుంచి లేచి, సూక్ష్మజీవుల కోసం కలిపిన మేతనీళ్లలో మిగిలిన ప్రాణవాయువును తమతో లాక్కుపోతున్నాయి. రవ్వంత ప్రాణవాయువు ఉన్నా ఆ రంగు పోదు. రంగు ఉన్న మేత ఆ సూక్ష్మజీవులకు విషం. చివరి గులాబీ ఛాయ కూడా కరిగాక రబ్బరు బిరడా నొక్కి, దాని మీద అల్యూమినియం తొడుగు బిగించాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఈ మేత తినడానికి రేపు ఎవరూ ఉండరని.

"పొద్దున్నే మేత కలిపేశావా?" తలుపు దగ్గర నుంచి శాస్త్రవేత్త హెలెన్ అడిగింది.

"చేతులు కలిపేశాయి. నన్నడగలేదు."

హెలెన్ నవ్వబోయి మానేసింది. ఆమె గది అప్పటికే ఖాళీ అయింది. పెట్టెలు నడవాలో ఉన్నాయి. ఈ పని ఇక్కడితో ఆపమని పైవాళ్లు చెప్పి నెల దాటింది.

రేవేటీ హాకరాయా పొడగరి. భుజాలు కలపమిల్లు రోజులవి. ఎడమచేతి చిటికెనవేలు సగం ఆ మిల్లు రంపానికే పోయింది. మిల్లు మూతపడ్డాక గంధకపు వేడిబుగ్గల ఊరు రోటొరువాలోని ఈ పరిశోధన కేంద్రంలో గాజుసామాను కడగడానికి చేరాడు. కడుగుతూ కడుగుతూ వేడిగది కాపలాదారయ్యాడు. ఎవరూ వెళ్లమనలేదు, ఎవరూ పైకి రమ్మనలేదు. డెబ్బై డిగ్రీల వేడిలో పెరిగే ప్రాణాలకు మేత కలపడం, బుడ్డీల్లో వాటి పైన చేరిన వాయువును తీసేయడం, అంతే అతని ఉద్యోగం. ముఖం ఆవిరికి ఎప్పుడూ ఉడికినట్టు ఎర్రగా ఉండేది. "ఇంటికొస్తే కుళ్లిన గుడ్ల కంపు కొడతావయ్యా" అని భార్య ఆరీటా దెప్పేది. "ఈ ఊళ్లో ఎవరు కొట్టరే?" అనేవాడు. ఆరీటా మూత్రపిండాల జబ్బుతో పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ మాట అనేవాళ్లు లేరు.

ఆ సూక్ష్మజీవులు ఆరీటా వాళ్ల మడుగువే. వైకోహు అంటారు దాన్ని. హెలెన్ మొదటిసారి ఆ నీళ్లు అడగడానికి వచ్చినప్పుడు పెద్దలందరూ సభాగృహంలో కూర్చున్నారు. ఆరీటాను పెంచిన పిన్ని తే పాయియా లేచి నిలబడింది.

"తీసుకెళ్లండి. కానీ అది ప్రాణం. మీ పనైపోయాక మురుక్కాలవలో పొయ్యడానికి వీల్లేదు. మా నీళ్లకు మా ప్రాణం తెచ్చివ్వాలి." తర్వాత రేవేటీ వైపు కర్ర చూపించింది. "అదిగో, మా అల్లుడు. ఏదైనా తేడా వస్తే వాణ్నే పట్టుకుంటా."

అందరూ నవ్వారు. రేవేటీ కూడా నవ్వాడు.

ఆ జీవి రంపపు పొట్టును, ఎండుగడ్డిని తిని హైడ్రోజన్ వదులుతుంది. అయితే వదిలిన వాయువు బుడ్డిలో పేరుకుంటే దానికే ఊపిరాడదు. అప్పుడు దారి మార్చి పులుపు చేయడం మొదలుపెడుతుంది. ఆ పులుపు దారికి తలుపు తీసే జన్యువు ఏదో హెలెన్ ఏళ్ల తరబడి వెతికి పట్టుకుంది. పట్టుకుని, కత్తిరించేసింది. ఇక తప్పుకునే దారి లేదు కనుక ఆ కోతజీవి తిన్నదంతా హైడ్రోజన్‌గానే వదలసాగింది. ఆ రోజు సన్నని గొట్టం చివర నిప్పు చూపిస్తే టప్‌మని పేలింది. హెలెన్ అతన్ని కావలించుకుని ఏడ్చింది.

కానీ కోతజీవి అర్భకపుది. వాయువు తీయడం కాస్త ఆలస్యమైతే చాలు, మేత తేటబడేది, అంటే అవి చచ్చిపోతున్నాయన్నమాట. పాలు తాగని పసిబిడ్డను కనిపెట్టుకున్నట్టు రేవేటీ దాన్ని కనిపెట్టుకుని ఉన్నాడు. క్రిస్మస్ రోజున కూడా వచ్చి వాయువు తీసి వెళ్లేవాడు.

ప్రాణం తిరిగి తెచ్చిస్తామని పెద్దలకు మాట ఇచ్చిన రోజున ఈ కోత సంగతి ఎవరికీ తెలియదు. జన్యువు మార్చిన ప్రాణి పరిశోధన కేంద్రం గోడ దాటకూడదన్నది చట్టం. మడుగుకు తిరిగి వెళ్లగలిగింది మార్పు లేని మూలజీవి ఒక్కటే. కోతజీవులను ఇక్కడే చంపేయాలి.

"నేను చేస్తాను. కోసింది నేనే కదా" అంది హెలెన్.

"నువ్వు మూత పట్టుకో, చాలు."

ఇద్దరూ కలిసి కోతజీవుల బుడ్డీలను ఆవిరియంత్రంలో పేర్చారు. గడ్డకట్టించి దాచినవీ, ఇంకా వెచ్చగా ఉన్నవీ అన్నీ. కొన్నింట్లో మేత ఇంకా కలకగా, బతికి ఉన్నట్టే ఉంది. రేవేటీ తలుపు చక్రం తిప్పి బిగించాడు. ముల్లు నూరు దాటి, నూట ఇరవై దాటింది. వేడిలో పుట్టి వేడిలో బతికినవి వేడికే పోయాయి. తలుపు తీసేసరికి లోపల మాడిన అన్నం లాంటి వాసన. హెలెన్ చేతి తొడుగులు విప్పి, అతని సగంవేలు చేతిని కాసేపు పట్టుకుంది. తర్వాత పెట్టెలు మోసేవాళ్లు పిలిస్తే వెళ్లిపోయింది.

మూలజీవి ఉన్న బుడ్డీలను గుడ్డలో చుట్టుకుని మధ్యాహ్నం వైకోహుకు వెళ్లాడు. ఒకప్పుడు అక్కడ ఆవిరికి ఎదుటి మనిషి కనిపించేవాడు కాదు. ఆడవాళ్లు మొక్కజొన్న పొత్తుల బుట్టలు నీళ్లలోకి దింపి, మాటలు పూర్తయ్యేలోపు ఉడికించి తీసేవాళ్లు. ఇప్పుడు నీళ్లు అడుగుకు దిగిపోయి, చుట్టూ తెల్లటి పెచ్చు కట్టింది. నీటి మీద ఆకులు కుళ్లుతున్నాయి. రేవేటీ మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిన అవసరం రాలేదు. పసివాళ్లకు స్నానం చేయించే నీళ్లలా గోరువెచ్చగా ఉన్నాయి.

ఈ నీళ్లలో అవి బతకవు. అతనికి తెలుసు.

అయినా తొడుగులు పెరికి, బిరడాలు లాగి, ఒక్కొక్క బుడ్డీ వంచాడు. గాలి తగిలిన మేత గులాబీరంగుకు తిరుగుతూ నీళ్లలో కలిసింది. తనకు వచ్చిన ప్రార్థన సగం చదివి, మిగతాది గుర్తురాక లేచాడు.

తే పాయియా ఇంట్లో ఆమె మంచం కిటికీ పక్కకు జరిపి ఉంది. వారం రోజులుగా ఆమెకు గుక్కెడు నీళ్లు తప్ప దిగడం లేదు. ఆరీటా అన్న కూతురు హూరియా పగలంతా కనిపెట్టుకుని ఉంటోంది.

"పొద్దుట్నుంచీ నీ కోసమే మావయ్యా. అల్లుడేడీ, అల్లుడేడీ అని ఒకటే గోల" అంది హూరియా.

ముసలామె కళ్లు తెరిచింది. బుగ్గలు లోపలికి పోయాయి గానీ చూపులో ఆనాటి కర్ర అలాగే ఉంది.

"తెచ్చావా?"

"తెచ్చానత్తా. మడుగులో కలిపేసి వస్తున్నా."

"మడుగు మరుగుతోందా?"

రేవేటీ పాంటుకు అంటిన తెల్లటి పెచ్చు దులుపుకున్నాడు. "మరుగుతోందత్తా. దగ్గరికి పోనివ్వడం లేదు."

ఆమె తృప్తిగా ఊపిరి వదిలింది. "అన్నీ తెచ్చావుగా? ఒక్కటీ అక్కడ ఉంచలేదుగా?"

ఇంకో అబద్ధం కూడా నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో అది దాటలేదు.

"అన్నీ కాదత్తా. హెలెన్ కోసి మార్చినవి ఉన్నాయే, వాటిని బయటికి తేనివ్వరు. వాటిని... ఉడకబెట్టేశాం."

"ఎవరు?"

"నేనే."

"కోస్తే మాత్రం? అవి ఎవరి పిల్లలు?"

రేవేటీ సగంవేలును పిడికిట్లో దాచుకున్నాడు.

"నా వేలు కోసేస్తే నేను పరాయిదాన్నవుతానా? నీ వేలు తెగింది. నిన్ను మేం బయట పారేశామా?" గొంతు ఎండిపోయి దగ్గు తెర వచ్చింది. హూరియా నీళ్లు పట్టబోతే చెయ్యి తోసేసింది. "నీ చేతుల్లో పెట్టాను కదయ్యా. నీ చేతుల్లో."

చెవిలోని వినికిడి మిషను పీకి, కిటికీ గట్టు మీద పెట్టేసి గోడ వైపు తిరిగిపోయింది.

హూరియా చిలగడదుంపలు ఉడుకుతున్నాయంటూ వంటింట్లోకి తప్పుకుంది. రేవేటీ మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె వీపు ఎముకలు నైటీలోంచి లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి.

"అత్తా" అన్నాడు కాసేపటికి. "మడుగు మరగడం లేదు. చల్లబడిపోయింది. పోసినవి కూడా బతకవు."

వీపు కదలలేదు.

"నీకు చెప్పలేకపోయాను. అవి ఒక్కటీ బతకవు అత్తా."

ఊపిరి మెల్లగా పైకి లేచింది, దిగింది. ఎండ మంచం కోడు దాటి గోడ ఎక్కింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. హూరియా పళ్లెం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, అక్కడే నిలబడిపోయింది. తర్వాత పళ్లెం కింద పెట్టి, ముసలామె మెడ దగ్గర చెయ్యి ఉంచింది.

"మావయ్యా" అంది. "నాయనమ్మ పోయింది."

రేవేటీ తలూపాడు. లేచి, దుప్పటి ఆమె భుజాల దాకా లాగి సర్దాడు. హూరియా చుట్టుపక్కలవాళ్లను పిలవడానికి బయటికి పరిగెత్తింది. ఇల్లు నిశ్శబ్దమయ్యాక ఎక్కడి నుంచో కీచురాయి కూసినట్టు వినిపించి, అతను చుట్టూ చూశాడు.

ఆపడం మరిచిపోయిన చెవిమిషను కిటికీ గట్టు మీద సన్నగా, ఆగకుండా కూస్తోంది.